మా నాన్న రాసిన మినిట్సు

మా నాన్న మునిసిపాలిటీలో పనిచేసేవారని చెబితే "బిల్లు కలెక్టరా?" అనేవాళ్లు. కాదంటే "శానిటరీ ఇన్‌స్పెక్టరా?" అనేవాళ్లు. జనానికి తెలిసిన మునిసిపాలిటీ ఇంటిపన్ను, మురిక్కాలవ, కుళాయి, అంతే. వార్డుకొకరు చొప్పున గెలిచినవాళ్లంతా నెలనెలా ఒక హాల్లో కూర్చుని పోట్లాడుకుంటారని అందరికీ తెలుసు. ఆ పోట్లాటని తెల్లారేసరికల్లా చట్టం ఒప్పుకునే భాషలోకి మార్చి పుస్తకంలోకి ఎక్కించే మనిషి ఒకడుంటాడని మాత్రం ఎవరికీ తట్టదు. నాన్న ఆ మనిషి. కాగితాల మీద మామూలు గుమస్తా, ఆఫీసులో మాత్రం కౌన్సిల్ క్లర్కు. అజెండా తయారు చేయడం, నోటీసులు పంపడం, మీటింగులో జరిగింది మినిట్సుగా రాయడం, తీర్మానాల నకళ్లు ఇవ్వడం ఆయన పని.

ఊరిపేరు చెప్పను. కృష్ణా డెల్టాలో కాలవగట్టు మీద ఒక చిన్న పట్నం అనుకోండి. పేరు చెప్పానంటే అది ఏ చైర్మన్ హయాము, ఆ కౌన్సిలరు ఏ వార్డు అని లెక్కలు తీసేవాళ్లు బయల్దేరతారు. వాళ్ల మనవలూ మనవరాళ్లూ సగంమంది ఇప్పుడు నాకు ఫేస్‌బుక్ స్నేహితులు.

మీటింగుకి మూడు పూర్తి రోజుల ముందు నోటీసూ అజెండా ప్రతి కౌన్సిలరుకీ అందాలి. పూర్తి రోజులంటే ఇచ్చిన రోజు లెక్కలోకి రాదు, మీటింగు జరిగే రోజూ రాదు. ఇది నాకు ఎక్కాలతో పాటే వచ్చేసింది. ఎందుకంటే ఆ వారం మా ఇంట్లో ఎవరికీ స్థిమితం ఉండేది కాదు. ఆఫీసులో తెలుగు టైపు మిషను మీద స్టెన్సిలు కోసి, సైక్లోస్టైల్ మిషను తిప్పి తీసిన కాగితాలు, ఇంకా ఇంకు తడి ఆరకుండానే, నాన్న సంచిలో ఇంటికి వచ్చేవి. అన్నయ్యా నేనూ వసారాలో వాటిని పేజీల వరస పెట్టి గుండుసూదులు గుచ్చేవాళ్లం. తెల్లారాక అటెండరు సైకిలు మీద ఇల్లిల్లూ తిరిగి, డెలివరీ పుస్తకంలో సంతకాలు పెట్టించుకుని వచ్చేవాడు. అధికార పక్షం మీద కోపమున్న కౌన్సిలర్లు కొందరు కావాలనే ఇంట్లో ఉండేవారు కాదు. నోటీసు చేరలేదని మీటింగు రోజున లేచి గోల చేయొచ్చు కదా. అటెండరు వాళ్లకంటే గడుసువాడు. ఇంటి తలుపుకి జిగురుతో అంటించి, పక్కింటాయన చేత సాక్షి సంతకం తీసుకుని మరీ వచ్చేవాడు.

నేను బడి పుస్తకాల తర్వాత ఎక్కువగా చదివింది ఆ అజెండాలే. "వడ్రంగుల వీధిలో సిమెంటు డ్రైను నిర్మాణమునకు అంచనా ఆమోదించుట గురించి." "దినసరి మార్కెట్టు ఆశీలు వేలంపాట ఖరారు చేయుట గురించి." "విధి నిర్వహణలో మరణించిన పారిశుధ్య కార్మికుని భార్యకు ఉద్యోగమిచ్చుట గురించి." ఊళ్లో నేనెప్పుడూ కాలు పెట్టని వీధులన్నీ నాకు ఇలాగే తెలిసాయి. ఏ వీధికి దీపాలు లేవో, ఏ బళ్లో పైకప్పు కారుతోందో, ఏ శ్మశానానికి ప్రహరీ కావాలో. వీటన్నిటి చివరా ఒక్కోసారి విడిగా ఒక కాగితం ఉండేది. టేబుల్ అజెండా అనేవారు దాన్ని. ముందుగా పంపకుండా, మీటింగు మొదలయ్యాక బల్ల మీద పెట్టేవి. గొడవలన్నీ పుట్టేది ఆ కాగితంలోంచే. వరస అజెండాలో పెడితే నలుగురూ చదివి నిలదీస్తారన్న విషయాలు అక్కడికి చేరతాయని నాన్న అనేవారు. నిజంగా అత్యవసరమైనవీ ఉండేవి, అది వేరే సంగతి.

కౌన్సిలు హాలు ఆఫీసు మేడమీద. గుర్రపు లాడం ఆకారంలో బల్లలు, ఎదురుగా కాస్త ఎత్తున చైర్మన్ కుర్చీ, పక్కన కమిషనరుది, కింద ఒక మూల నాన్న బల్ల. గోడల మీద గాంధీగారు, నెహ్రూగారు, అంబేద్కరుగారు, ప్రకాశం పంతులుగారు. పంతులుగారి పటం ఇక్కడెందుకని అడిగితే, ఆయన ముఖ్యమంత్రి కావడానికి ఎంతో ముందు, పడుచువాడిగా ఉన్నప్పుడే, రాజమండ్రి మునిసిపల్ చైర్మన్‌గా చేశారమ్మా, ఈ కుర్చీ బాధ తెలిసినవాడు అన్నారు నాన్న. వెనకవైపు గోడవార రెండు బెంచీలు జనం కోసం వేసి ఉండేవి. కౌన్సిలు మీటింగుకి ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చని ఇప్పటికీ చాలామందికి తెలీదు. నోరు మెదపకూడదు, అంతే. వేసవి సెలవల్లో నేను వెళ్లి కూర్చునేదాన్ని. పరిపాలన మీద శ్రద్ధ అనుకునేరు, మధ్యలో ఇచ్చే మైసూర్‌పాకు, మిక్చరు పొట్లాం కోసం. కోరం కావాలంటే సభ్యుల్లో మూడోవంతన్నా ఉండాలి. ఒక్కోసారి ఆ మూడోవంతుని హాల్లో పట్టి ఉంచేది ఈ పొట్లాలేనని నాకు గట్టి అనుమానం. వరసగా మూడు నెలలు మీటింగులకి మొహం చూపించకపోతే పదవి ఊడుతుందన్న భయంతో, సంతకం పెట్టి పొట్లాం పట్టుకుని జారుకునే వ్యాపారస్థుడు ఒకాయన ప్రతి కౌన్సిల్లోనూ ఉండేవాడు.

ఇక ఎవరి పెత్తనం ఎంతవరకు అనేది. చట్టం ప్రకారం కౌన్సిలు తీర్మానిస్తుంది, కమిషనరు అమలు చేస్తాడు. చైర్మన్ ఎన్నికల్లో గెలిచి వస్తాడు, కమిషనర్ని సర్కారు పంపిస్తుంది. కమిషనరుకి ఓటు లేదు, కానీ చెక్కు మీద సంతకం ఆయనది. తీర్మానం చట్టానికి విరుద్ధంగా ఉందనిపిస్తే ఆయన సర్కారుకి రాస్తాడు, సర్కారు దాన్ని ఆపగలదు, రద్దు చేయగలదు కూడా. అంచేత ఇద్దరిదీ అత్తాకోడళ్ల కాపురం. పొయ్యి ఒకటే, తాళంచెవులు చెరొకరి దగ్గర. ఇద్దరి కిందా మేనేజరు, రెవెన్యూ వాళ్లు, ఇంజనీరింగు, ఆరోగ్యం, టౌన్ ప్లానింగు, ఇలా సెక్షన్లు. చైర్మన్ ఎదురైతే అందరూ లేచి నిలబడేవారు. బదిలీ కాగితం మాత్రం చైర్మన్ చేతిలోది కాదని అందరికీ తెలుసు. ఆ లేచి నిలబడ్డంలో ఎంత తొందర ఉందో చూసి ఎవరి పలుకుబడి ఎలా ఉందో చెప్పేసేవారు నాన్న. ఆయన 1960 ప్రాంతంలో చేరారు. అప్పటికి మన కోస్తా ఊళ్లలో 1920 నాటి మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టమే నడుస్తోంది. 1965లో ఆంధ్రప్రదేశ్ మునిసిపాలిటీల చట్టం వచ్చింది. ఆ చట్టం పుస్తకానికి కాకీ గుడ్డతో అట్ట వేయించుకున్నారు. మా ఇంట్లో భాగవతానికి కూడా అంత భద్రమైన అట్ట లేదు.

మినిట్సు రాయడం ఒక విద్య. ఒక వీధిలో ట్యూబులైటు ఎవరింటి ముందు ఉండాలన్న దాని మీద ఇద్దరు కౌన్సిలర్లు చొక్కాలు పట్టుకున్నంత పని చేశారు ఒకసారి. అజెండా కాగితాలు గాల్లోకి లేచాయి, మంచినీళ్ల గ్లాసు ఒకటి దొర్లింది, "నీ బాబు సొమ్మా" అన్న మాట బెంచీల దాకా వినపడింది. నేను కళ్లారా చూశాను. రాత్రి నాన్న లాంతరు పెట్టుకుని రాస్తుంటే (కరెంటు పోయింది, ట్యూబులైటు గురించి పోట్లాడిన రోజునే) వంగి చదివాను. "ఈ విషయముపై సభ్యులు తమ తమ అభిప్రాయములు వెలిబుచ్చిరి. చర్చించి ఆమోదించడమైనది." ఇదేమిటి నాన్నా, వాళ్లు కొట్టుకున్నారు కదా అన్నాను. "కొట్టుకుంటే ఏమిటమ్మా, లైటు పాసయింది" అన్నారు.

అలాగని ఆయన అన్నీ మింగేసేవారు కాదు. ఎవరైనా సభ్యుడు ఒప్పుకోనని డిసెంటు ఇస్తే అది అక్షరం పొల్లుపోకుండా ఎక్కాల్సిందే. ఎర్రజెండా పార్టీ నుంచి గెలిచిన మాస్టారొకాయన ఉండేవారు. పార్టీ బలం ఆయనొక్కడే. ప్రతి టెండరుకీ, ప్రతి పన్ను పెంపుకీ లేచి డిసెంటు చెప్పేవారు. చెప్పి, నాన్న బల్ల దగ్గరికొచ్చి, "రాశారాండీ? ఏదీ, చదవండి" అని వినేదాకా కదిలేవారు కాదు. చైర్మన్‌కి చిర్రెత్తేది. "ఒక్కడి మాటకి ఇంత కాగితం ఎందుకండీ?" అన్నారు ఓసారి. నాన్న తల ఎత్తకుండా రాసుకుంటూ పోయారు. మాస్టారు పోయాక, ఆయన ఏళ్ల కిందట వద్దన్న ఒక షాపుల లీజు కోర్టుకెక్కింది. అప్పుడు పనికొచ్చింది ఆ డిసెంటు కాగితమే. నకలు కోసం ఊరంతా నాన్న వెంట పడ్డారు.

1981లో ఎన్నికలు జరిగినప్పుడు నేను చిన్నదాన్ని. అంతకుముందు చాలా ఏళ్లు కౌన్సిలే లేదు. ఆ ఎన్నికల్లో కౌన్సిలర్లు గెలిచి, వాళ్లలో ఒకర్ని చైర్మన్‌గా ఎన్నుకున్నారు. 1987కి వచ్చేసరికి రామారావుగారి ప్రభుత్వం పద్ధతి మార్చింది. చైర్మన్‌ని ఊరు ఊరంతా నేరుగా ఎన్నుకోవాలి. ఓటరుకి రెండు ఓట్లు, ఒకటి వార్డు కౌన్సిలరుకి, ఒకటి చైర్మన్‌కి. జనం భలే సంబరపడ్డారు. మా ఊళ్లో ఓటర్లు ఆ రెండు ఓట్లనీ సమానంగా పంచిపెట్టారు. చైర్మన్ ఒక పార్టీ, కౌన్సిల్లో మెజారిటీ ఇంకో పార్టీ. ఇంకేముంది, తిరనాళ్లే.

వైస్ చైర్మన్‌ని ఎన్నుకునేది కౌన్సిలర్లు కాబట్టి ఆ పదవి మెజారిటీ పార్టీకి పోయింది. ఒకే వరండాలో అటు చైర్మన్ గది, ఇటు వైస్ చైర్మన్ గది, మధ్యలో నాన్న బల్ల. చైర్మన్ పెట్టించిన అంశం హాల్లోకి రాగానే అటువైపు నుంచి "వాయిదా" అని ఒకే గొంతు లేచేది. ఓట్లు సమానంగా చీలితే అధ్యక్షస్థానంలో ఉన్నాయనకి ఇంకో ఓటుంటుంది కానీ, సమానం దాకా వస్తే కదా. చైర్మన్ పాపం ఊరంతటి ఓట్లతో గెలిచి కూడా ఒక డ్రైను పాసు చేయించుకోలేకపోయేవాడు. ఒక ఏడు బడ్జెట్టు మీటింగు మధ్యాహ్నం మొదలై దీపాలు పెట్టేదాకా సాగింది. ఆఖరికి తేలింది హాల్లో కాదు, రైల్వేగేటు దగ్గర కాఫీ హోటల్లో. ఏ వార్డుకి ఎన్ని రోడ్లో ఒక సిగరెట్టు పెట్టె అట్ట మీద రాసుకుని వచ్చారు. మర్నాడు నాన్న ఆ లెక్కనే పద్దులవారీగా సర్ది "సవరణలతో ఆమోదించడమైనది" అని రాశారు. ఆ అట్ట కూడా చాలా రోజులు ఫైల్లో ఉంది, ఆడిట్ వాళ్లు వచ్చే ముందు తీసేశారు.

ఆ ఇద్దరినీ ఒక్కతాటి మీదికి తెచ్చేది వేసవి ఒక్కటే. మా వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్లకి చెబుతాను. డెల్టాలో కాలవలు ఏడాది పొడుగునా పారవు. వేసవిలో కట్టేస్తారు. కాలవ కట్టేలోపు ఊరి మంచినీళ్ల చెరువు నింపుకోవాలి. మళ్లీ కాలవ వదిలేదాకా ఆ నీళ్లతోనే ఊరంతా బతకాలి. చెరువులోంచి నీళ్లు ఇసక ఫిల్టర్లలోకి వెళ్తాయి, తర్వాత క్లోరిను కలిపి, ఓవర్‌హెడ్ ట్యాంకులోకి ఎక్కించి, అక్కణ్నుంచి వార్డులకి వదులుతారు. కాలవకి పైన ఉన్నవాళ్లంతా కూడా అదే సమయంలో చేలకీ చెరువులకీ నీళ్లు మళ్లించుకుంటారు కాబట్టి, చివర ఉన్న ఊరికి వచ్చేసరికి చెరువు నిండడానికి రావలసిన మట్టం రాదు. అప్పుడు చైర్మనూ వైస్ చైర్మనూ ఒకే జీపెక్కి ఇరిగేషన్ ఇంజనీరు దగ్గరికి వెళ్లేవారు. రాత్రిళ్లు మునిసిపాలిటీ ఫిట్టర్లూ కౌన్సిలర్లూ కలిసి కాలవ గట్టు మీద లాంతర్లతో కాపలా తిరిగేవారు. పొద్దున్నే మాస్టారితో సహా అందరూ చెరువు గట్టున నిలబడి, కొలబద్ద మీద నీళ్లు ఎంతకొచ్చాయో చూసుకునేవారు. ఆ వారంలో జరిగిన అత్యవసర సమావేశాల మినిట్సు తిరగేస్తే ఒక్క డిసెంటు కనపడదు.

మే నెల వచ్చేసరికి కుళాయి రోజు విడిచి రోజు, అది కూడా అరగంట. వాల్వులు తిప్పే ఫిట్టరుకి అప్పుడు చైర్మన్‌కంటే విలువెక్కువ. ఏ వీధి వాల్వు ముందు తిప్పాలన్నది నిజానికి కౌన్సిలు తేల్చాల్సిన మాటే. తేల్చేది మాత్రం అతని చేతిలోని ఇనపకడ్డీ. మా వార్డు కౌన్సిలరు లుంగీ ఎగ్గట్టుకుని వీధి కుళాయి దగ్గర నిలబడి బిందెల వరస సరిచేసేవాడు. ఆడవాళ్లు ఆయన్ని మొహాన్నే తిట్టేవారు. "ఓటుకొచ్చినప్పుడు అక్కా అన్నావు, ఇప్పుడు నీళ్లేవిరా తమ్ముడూ?" అని అడిగిందొకావిడ. ఆయన మారు మాట్లాడకుండా, ఆఫీసుకి పరుగెత్తి, ట్యాంకరు డ్రైవరు పక్కన కూర్చుని తిరిగొచ్చాడు. నేను చూసిన ఊరి పరిపాలనలో నాకు బాగా నచ్చిన ఘట్టం ఇదే.

మార్చి నెలది ఇంకో రకం హడావిడి. ఇంటిపన్ను ఆరు నెలలకోసారి కట్టాలి. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఒక వాయిదా, అక్టోబరు నుంచి మార్చి దాకా ఇంకోటి. ఎవరూ కట్టరు. మార్చిలో టముకు మోగేది. బిల్లు కలెక్టర్లు ఒక తోపుడుబండి వెంటపెట్టుకుని మొండి బకాయిదారుల ఇళ్ల ముందు ఆగేవారు. జప్తు అంటూ తలుపు రెక్కలు మడత బందుల్నుంచి ఊడదీయడం మొదలుపెడితే, లోపల్నించి డబ్బు అప్పటికప్పుడు పుట్టుకొచ్చేది. మా పన్ను ఏప్రిల్ మొదటి వారంలోనే కట్టేసేవారు నాన్న. మునిసిపాలిటీ గుమస్తా ఇంటి తలుపు మునిసిపాలిటీ బండెక్కితే బాగుండదు కదా. ఆ రసీదులో గ్రంథాలయ పన్ను అని విడిగా ఉండేది, రూపాయికి ఎనిమిది పైసలు. అది చూపించి నాన్న నన్ను లైబ్రరీకి తోలేవారు, "నీ ఎనిమిది పైసలు రాబట్టుకో పో" అని. ఇక బకాయిలన్నీ దండోరా లేకుండా వసూలయ్యేది ఎన్నికల ముందు. బకాయి ఉన్నవాడు పోటీకి పనికిరాడు కాబట్టి, నామినేషన్ల వారంలో ఊరి పెద్దమనుషులంతా క్యాష్ కౌంటరు ముందు క్యూ కట్టేవారు.

మా అమ్మమ్మది పేరాల. అల్లుడి ఉద్యోగం మీద ఆవిడకి ఎప్పుడూ ఒక చమత్కారం ఉండేది. ఎదురుగా అనేది కాదు, తలుపు చాటున నిలబడి అమ్మతో అనేది, నాన్నకి వినపడేట్టు. "మునిసిపాలిటీ వద్దని మావాళ్లు ఊరే వదిలేసి పోయారు. నిన్ను తీసుకొచ్చి మునిసిపాలిటీ ఇంట్లోనే ఇచ్చాను." ఆ కథ మా ఇంట్లో మంచం మీద పడుకుని ఎన్నిసార్లు విన్నామో. 1919లో మద్రాసు ప్రభుత్వం చీరాల, పేరాలలను కలిపి మునిసిపాలిటీ చేసింది. జనాభా అంతా కలిపి 15 వేలు, ఎక్కువమంది నేతగాళ్లు, చిన్నకారు మనుషులు. ఏడాదికి 4,000 రూపాయలున్న పన్ను 40,000 అవుతుందని తేలింది. మాకు మునిసిపాలిటీ వద్దు మొర్రో అన్నా వినలేదు. పన్ను కట్టం అన్నవాళ్లని జైల్లో పెట్టారు, రావూరి అలివేలమ్మ అనే ఆవిడ కూడా జైలుకెళ్లింది. 1921లో బెజవాడలో కాంగ్రెసు సభ అయ్యాక గాంధీగారు చీరాల వచ్చారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు నాయకుడు. ఊరే లేకపోతే మునిసిపాలిటీ ఎవరి మీద అని, జనం ఊరు ఖాళీ చేసి పొలిమేర అవతల పాకలు వేసుకున్నారు. ఆ పాకల ఊరికి రామనగర్ అని పేరు. పదకొండు నెలలు అక్కడే. ఎండ, వాన, జబ్బులు. గోపాలకృష్ణయ్యగారిని జైల్లో పెట్టాక మెల్లగా మళ్లీ ఇళ్లకి చేరారు.

అమ్మమ్మకి అప్పుడు ఆరేడేళ్లు. తాటాకు పాకలో వాన కురిసిన రాత్రులు, గోపాలకృష్ణయ్యగారి వలంటీర్ల దళం రామదండు పాటలు పాడుకుంటూ తిరగడం గుర్తుండేవి. మిగతాదంతా వాళ్లమ్మ చెప్పింది. నాన్న ఒక్కసారి మాత్రం తలుపు వైపు తిరిగి బదులిచ్చారు. "అప్పుడు అడక్కుండా మునిసిపాలిటీ పెట్టారు అత్తయ్యగారూ. ఇప్పుడు అడక్కుండా తీసేశారు." అది 1992 తర్వాతి మాట.

1987 కౌన్సిలు గడువు తీరిపోయింది. ఎన్నికలు పెట్టలేదు. ప్రత్యేకాధికారి వచ్చారు. కౌన్సిలుకి ఉండే అధికారాలన్నీ ఆయనొక్కడివే. అజెండా ఇప్పుడూ తయారయ్యేది, నాన్నే తయారు చేసేవారు. అంశాలన్నీ ఒక్క సంతకంతో ఆమోదం పొందేవి. ప్రతిపాదించేవాడూ, చర్చించేవాడూ, తీర్మానించేవాడూ ఒకరే. ఫైళ్లు చకచకా కదిలాయని చాలామంది మెచ్చుకున్నారు. నిజమే, కదిలాయి. డ్రైన్లు కూడా కొన్ని బాగానే పడ్డాయి. కానీ ఎండాకాలం వచ్చాక కుళాయి దగ్గర ఆడవాళ్లకి తిట్టడానికి మనిషి లేకుండా పోయాడు. మాజీ కౌన్సిలరు లుంగీ దించుకుని ఇంట్లో కూర్చున్నాడు. "నాదేం లేదమ్మా ఇప్పుడు" అనేవాడు. ప్రత్యేకాధికారిని కలవాలంటే అర్జీ రాసి, స్టాంపు వేయించి, సోమవారం దాకా ఆగాలి. మేడమీద హాలుకి తాళం. నాన్నకి మినిట్సు రాయడం పది నిమిషాల పనైపోయింది. ఆయన సాయంత్రాలు త్వరగా ఇంటికొచ్చి, ఏం తోచక, అమ్మ మీద చిరాకు పడేవారు.

రాజ్యాంగం 74వ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. ఐదేళ్లకోసారి ఎన్నిక జరిగి తీరాలి, అది జరిపించడానికి రాష్ట్రానికో ఎన్నికల సంఘం ఉండాలి, మూడోవంతు సీట్లు ఆడవాళ్లకి. ఇక ప్రత్యేకాధికారుల రోజులు పోయాయని నాన్న నమ్మారు. అంత ఖచ్చితంగా రాసుకున్నా, 2010లో గడువు తీరితే మావైపు మళ్లీ ఎన్నికలు జరిగింది 2014లో. ఆ తర్వాత 2019లో తీరితే 2021లో. చట్టాన్ని అంత భక్తిగా నమ్మిన మనిషి ఇదంతా చూడకుండా పోవడమే మంచిదైంది.

1995 ఎన్నికల తర్వాత హాలు తాళం తీశారు. నాన్న రిటైరవడానికి ఇంకో ఏడాది ఉంది. వార్డుల్లో మూడోవంతు ఆడవాళ్లకి అనేసరికి ముందు నవ్వుకున్నారు ఊళ్లో. నవ్వులకి తగ్గట్టే, మొదటి మీటింగుకి కొందరు మొగుళ్లు భార్యల పక్కనే కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. కమిషనరు లేచి, సభ్యులు కానివారు దయచేసి వెనక బెంచీల మీదికి వెళ్లాలన్నారు. వెళ్లారు. అక్కణ్నుంచి దగ్గుతో, గొంతు సవరింపులతో ఎప్పుడు చెయ్యెత్తాలో చెప్పేవారు. అటుపక్క వాళ్లకి దగ్గొస్తే ఇటుపక్క తీర్మానం పాసయ్యేది.

వాళ్లలో ఒకావిడకి వెనక దగ్గేవాళ్లు ఎవరూ లేరు. భర్త పోయాడు, అప్పడాలు చేసి అమ్ముకుంటూ పిల్లల్ని చదివించుకుంటోంది. ఓడిపోతుందని తెలిసే పార్టీవాళ్లు టిక్కెట్టిచ్చారు. గెలిచి కూర్చుంది. మొదటి రోజే లేచి, "ఈ అజెండాలో మా వీధి లేదేం?" అంది. హాలంతా నవ్వింది. మీటింగయ్యాక ఆవిడ నాన్న బల్ల దగ్గరికి వచ్చింది. "నవ్వితే నవ్వారు. ఎలా ఎక్కించాలో మీరు చెప్పండి బాబుగారూ." నాన్న చెప్పారు. చైర్మన్‌కి రాతమూలకంగా ఇవ్వాలి, ఇంజనీరింగు వాళ్ల చేత అంచనా వేయించాలి, అది నోటుతో సహా కౌన్సిలుకి రావాలి. మూడో నెల అజెండాలో ఆవిడ వీధి ఉంది. అప్పటికి ఆవిడ ఇంకో సంగతి కూడా కనిపెట్టింది. కిందటి మీటింగు మినిట్సు చదివి ఖరారు చేసేటప్పుడు ఎవరూ వినరు, అందరూ కాఫీ తాగుతుంటారు. ఆవిడ విని, లేచి, "నేను అన్నది ఇది కాదండీ. కల్వర్టు కూడా అన్నాను. కల్వర్టు ఏది?" అంది. నాన్న తన పుస్తకం తిరగేశారు. రఫ్ నోటులో కల్వర్టు ఉంది. సవరణ రాశారు. ఆ రాత్రి భోజనాల దగ్గర, "మాస్టారి తర్వాత మినిట్సు వినే మనిషి దొరికిందే" అని అమ్మకి మూడుసార్లు చెప్పారు.

2005 నుంచి మళ్లీ కౌన్సిలర్లే చైర్మన్‌ని ఎన్నుకుంటున్నారు, చేతులెత్తి. దాంతో ఫలితాలు వచ్చిన రాత్రే బస్సుల్లో ఎక్కించి క్యాంపులకి తీసుకెళ్లడం కూడా మళ్లీ మొదలైంది. మూడోవంతు పోయి ఇప్పుడు సగం సీట్లు ఆడవాళ్లవి. కిందటి సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు అప్పడాల ఆవిడని చూశాను. డెబ్భై దాటాయి. పదవి పోయి పాతికేళ్లయింది. నేను కూర్చున్న కాసేపట్లోనే ఒకమ్మాయి వచ్చి, రెండు రోజులుగా తమ సందులో కుళాయి రావట్లేదని చెప్పింది. వార్డు కౌన్సిలరు ఇల్లు పక్క వీధే, ఫలకం కూడా ఉంది. ఆవిడ ఆ మాట అనలేదు. పిండి చేతులు చీరకి తుడుచుకుని, ఫోను తీసి, మునిసిపాలిటీ ఏఈ (అసిస్టెంటు ఇంజనీరు) నంబరు నొక్కి, "బాబూ, పేరు రాసుకో" అని మొదలుపెట్టింది.